వెలగని పొర

కొలిమిలో కాల్చి తీసిన సిలికాన్ పలకకు కరెంటు ఇచ్చి, పిచ్చుక దాన్నే చూస్తూ నిలబడింది. పచ్చటి వెలుగు రావాలి. వచ్చింది, కానీ ఉందా లేదా అన్నట్టుంది.

గట్టిగా మాట్లాడదని ల్యాబ్‌లో ఆమెకు ఆ పేరు పెట్టారు. పలకమీది పలచటి పొరలో టెర్బియం అనే లోహపు అయాన్లుంటాయి. ఆ వెలుగు వాటిదే. టెర్బియం రెట్టింపు వేస్తే వెలుగూ రెట్టింపవుతుందని పెద్దసారు కంపెనీవాళ్లకు మాటిచ్చేశారు. ఆయన్ను చాటున అందరూ ఉరుము అంటారు. రెట్టింపు వేసిన ఈ పలకను చూడటానికే కంపెనీవాళ్లు మధ్యాహ్నం వస్తున్నారు.

కింది అంతస్తులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నడిపేది ఆమె వదినే. ఆ పలకలోంచి కోసిన ముక్కను నిన్ననే ఆవిడకిచ్చింది. ఇప్పుడు పరుగున వెళ్లి చూస్తే, తెరమీద చల్లినట్టు కనిపించాల్సిన తెల్లటి టెర్బియం చుక్కలు ముద్దలు కట్టి ఉన్నాయి.

"గుంపు కట్టేశాయే," అంది వదిన. "ఎక్కువ వేశారు, పైగా ఎక్కువ కాల్చారు. ఇలా అంటుకుపోతే ఇంకేం వెలుగుతాయి? అందిన శక్తిని పక్కదానికి అంటగడతాయి, అది ఇంకోదానికి. చివరికి ఉత్త వేడైపోతుంది."

"సార్‌కి ఎలా చెప్పను వదినా? తీసేస్తారేమో."

"నోటితో చెప్పు." నవ్వబోయిన వదిన ఆడపడుచు మొహం చూసి ఆగిపోయింది.

పిచ్చుక తెచ్చి చూపిన ఆ చిత్రం చూసి సారు ఉరమలేదు. పిచ్చుకకు భయం ఇంకా ఎక్కువైంది. ఆయన తలుపు దగ్గరగా వేసి, "రెట్టింపు వేయని పాత పలక ఉందిగా, అది పెట్టు," అన్నారు.

"కొత్తదేనా అని అడిగితే సార్?"

"నేను చూసుకుంటా. నువ్వు నోరు మెదపకు."

పిచ్చుక పాత పలకను పట్టకారుతో తీసి గాజుపెట్టెలో పెట్టింది. కరెంటు ఇచ్చింది. మధ్యాహ్నం వచ్చిన కంపెనీవాళ్లలో నెరిసిన జుట్టు ఇంజినీరమ్మ వంగి చూసింది. లోపల నిండుగా పచ్చటి వెలుగు.

"బాగుంది. రెట్టింపు వేసింది ఇదేనా?"

ఆవిడ అడిగింది సారును కాదు, పిచ్చుకను.

సారు గొంతు సవరించుకున్నారు. ఆయనవైపు చూస్తే మాట పడిపోతుందని పిచ్చుక నేలవైపు చూస్తూ, "కాదండీ. ఇది పాతది. కొత్తది సరిగ్గా వెలగడం లేదు, గుంపు కట్టింది. చూపిస్తాను," అంది.

రెండూ తెచ్చి ముందు పెట్టింది. ఇంజినీరమ్మ మసకగా ఉన్న పలకనూ, చిత్రాన్నీ చాలాసేపు చూసింది.

"తక్కువ వేసి, వేడి తగ్గించి చూశారా?"

"ఇంకా లేదండీ."

"చూసి కబురు చెయ్యండి," అని అందర్నీ తీసుకుని వెళ్లిపోయింది.

ఇక తన పని అయిపోయిందనుకుంటూ పిచ్చుక గోడకు ఆనుకుని నిలబడింది. సారు కుర్చీలో కూలబడి కళ్లద్దాలు తీశారు.

"మాటిచ్చిన దగ్గర్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదమ్మా," అన్నారు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "కొలిమి ఖాళీగా ఉందా?" అని అడిగారు.

రెట్టింపుకన్నా తక్కువ టెర్బియంతో, తక్కువ వేడిలో చేసిన పొర పాతదానికన్నా కాస్త మెరుగ్గా వెలిగింది. వెలుగు రెట్టింపు కాలేదు. అయినా కంపెనీవాళ్లు మళ్లీ వస్తామన్నారు. వరండాలో సారు అడుగుల చప్పుడు వినిపిస్తే పిచ్చుక గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. పని మాత్రం పోలేదు.