చెప్పని పేరు

"ఏం శ్రీపాలూ, కథ తేలకముందే సినిమాకు సీన్లు రాస్తున్నవట. గోడ లేవకముందే సున్నమేస్తవా?"

"రాస్తుంటె కథ అదే వస్తది మామా," అన్నాడు మా పెద్దక్క కొడుకు.

వాడికేం తెలుసు. నేను నాలుగో తరగతి దాటలేదు గానీ ఒకసారి కథ కట్టాను. అది అతకకపోతే ఒక ప్రాణం పోయేది.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు. ఇబ్రహీంపట్నంలో మిలిటరీ దిగింది. కమ్యూనిస్టుల సంఘంలో తిరిగిన జంగా మా ఇంట్లో దాక్కున్నాడు. దొరికితే కాల్చేస్తారు. ఇల్లిల్లూ వెతుకుతూ జవాన్లు మా వాడకే వచ్చారని తెలిసింది. నేను జంగానూ, మా చెల్లెలు మైసమ్మనూ ఎదురుగా కూర్చోబెట్టాను.

"జంగా, నీ పేరు కృష్ణయ్య. ఊరు రావిర్యాల. మా ఇంటికి ఇల్లుటం వచ్చిన అల్లునివి. మైసమ్మా, గీయన నీ మొగడు."

"సరే అన్నా," అంది మైసమ్మ, మొహం పక్కకు తిప్పుకుని.

"మనకు రెండెడ్లు. ఒకటి కుంటిది."

"కుంటిదెందుకు బావా?" అన్నాడు జంగా.

"నిజమనిపియ్యాలె కదరా. బావ అనుడు మాత్రం మస్తు నేర్చినవ్."

అంతలోనే తలుపు బాదారు.

సుబేదారుకు తెలుగు రాదు. వెంట వచ్చిన బిక్షం అనే ముసలి జవాను అడిగాడు. జంగా ఊరూ పేరూ తడబడకుండా చెప్పాడు, కుంటెద్దుతో సహా. బిక్షం మైసమ్మ వైపు తిరిగాడు.

"నీ మొగని పేరేంది?"

మైసమ్మ తల వంచింది. నేను వెనక నుంచి 'కృష్ణయ్య' అని పెదవులు ఆడిస్తున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుబేదారు చెయ్యి తుపాకీ మీదికి పోయింది.

బిక్షం నవ్వాడు. సుబేదారుకు ఉర్దూలో ఏదో చెప్పి, నాతో, "గీమె ఆయన ఆలే. లేకుంటె పేరు చెప్పనీకె గింత సిగ్గెందుకు," అన్నాడు.

వాళ్లు సందు దాటాక నాకు ఊపిరి వచ్చింది.

"పేరు మరిచి బతికించినవ్ పిల్లా."

"మరువలే అన్నా. ఇంకొకని పేరు జెప్పి నా మొగడని ఎట్లనాలె?"

"ఇంకొకడేంది?"

ఆమె నేల చూసింది. జంగా గొంతు సవరించుకున్నాడు. "మూన్నెల్లాయె బావా. సంఘపోళ్ల ముందట దండలు మార్చుకున్నం."

జవాన్లు నిజమని నమ్మారు. వీళ్లకు నిజమని తెలుసు. ఆ ఇంట్లో అది కట్టుకథ అనుకున్నవాణ్ని నేనొక్కణ్నే.