మిద్దె మీద మన్ను

ఆదెప్ప జల్లెడ దించి, చిటికెడు చవుడు మన్ను నాలుక చివర పెట్టుకున్నాడు. ఉప్పగా తగిలింది. అలా ఉప్పగా ఉన్న మన్నే వాన నీటిని కిందికి దిగనివ్వదు. తుపుక్కున ఉమ్మి, గంప ఎత్తమని కూలి కదిరమ్మకు చెయ్యి ఊపాడు.

అది పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, వానలకు ముందు నెల. గార్లదిన్నె దారిలో ఒక చెనిక్కాయల నూనె కంపెనీ ఆఫీసు కట్టిస్తోంది. కరెంటు ఉన్నా లేకున్నా లోపల చల్లగా ఉండాలని వాళ్ల కోరిక. ఇంజనీరు దివాకర్ సిమెంటు స్లాబు వద్దని, ఈ నేల మీద దొరికే రాయి, కొయ్య, మన్నుతోనే నక్షా గీశాడు. పడమట కిటికీలు లేని మందపు గోడలు, వేడిగాలి పోవడానికి కప్పులో గవాక్షం, దూలాల మీద మట్టి మిద్దె. తీరా చూస్తే మిద్దె పని తెలిసినవాళ్లంతా సిమెంటు మేస్త్రీల వెంట పోయారు. మిగిలింది బత్తలపల్లె ఆదెప్ప ఒక్కడే.

అరవై దాటిన మనిషి. మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. మన్ను పరిచాక చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని మిద్దె మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాడు. దూలాల సంగతి అరికాళ్లకు తెలుస్తుందని చెబుతాడు. అసలు సంగతి వేరు. ఏ మిద్దె ఎక్కినా కింద నుంచి అతని భార్య గంగక్క గొంతు వినిపిస్తుంది.

"ఆ మూల ఇంకో గంప ఏయి."

గంగక్క పోయి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి అతను మిద్దె కింద పడుకోలేదు. చలికాలమైనా ఆరుబయటే పక్క.

మధ్యాహ్నం కూలీలు చింతచెట్టు కింద సంగటి తింటుండగా దివాకర్ నక్షా పట్టుకుని పైకి వచ్చాడు.

"బాగా కుదిరింది పెద్దాయనా. ఇంకో నాలుగు అంగుళాలు వేద్దాం. లోపల ఇంకా చల్లగా ఉంటుంది. పొద్దున జల్లించిన కుప్ప సరిపోతుంది కదా?"

ఆదెప్ప బతుకులో పని చెప్పినవాడికి ఎదురు చెప్పి ఎరగడు.

"ఏయను సార్."

"ఎందుకు?"

"ఈ కాగితంలో మన్ను ఎంత ఉండాది?"

"ఆరంగుళాలు."

"అది ఈ పొద్దుటి లెక్క. వానకి ముందర ఏటేటా కొత్త మన్ను ఏస్తారు. పాతది గోకి తీయాల. ఎవురూ తీయరు. నేనూ తీయలేదు."

దివాకర్ నక్షా మడిచాడు. ఆదెప్ప పిట్టగోడ కేసి చూస్తూ చెప్పాడు.

"పొయ్యి మీద కారతాండాదని మా ఆడమనిషి అడిగితే ఏసినా. పద్నాలుగేండ్లు ఏసినా. ఆ కార్తీకంలో మూడు దినాలు ముసురు పట్టె. ఒక్క చుక్క కారలేదు సార్. మిద్దే దిగింది, ఆమె మీదికి. తవ్వతాంటే మన్ను వరసలు వరసలుగా కనపడె. పద్నాలుగు వరసలు. అన్నీ నా చేత్తో ఏసినవే."

దివాకర్‌కు సిగ్గేసింది. అంత చదువు చదివి, వచ్చే ఏటి మన్ను బరువు లెక్కేయలేదు.

ఆదెప్ప లేచి ఒక పొడుగాటి నల్లరాయి ఏరుకుని, ఉలితో దాని తల దగ్గర గంటు కొట్టాడు. పరిచిన మన్నును ఒకచోట చెక్కల దాకా తీసి, రాయి నిలబెట్టి పూడ్చాడు. గంటు మన్నుకు అంగుళం పైన నిలిచింది.

"ఈ గంటు మునగకూడదు. మునిగితే గోకేయాల. రాసుకో సార్."

దివాకర్ నక్షా అంచున రాసుకున్నాడు.

ఆ సాయంత్రం కదిరమ్మ చెంబుతో నీళ్లు తెచ్చేసరికి ఆదెప్ప గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముఖంలో ఏదో ఆలకిస్తున్నట్టు ఉంది. పిలిచింది. పలకలేదు. భుజం తట్టాక ఆమెకు అర్థమైంది.

బత్తలపల్లెలో మట్టి చేసిన మర్నాడు దివాకర్ ఆలస్యంగా పనికి వచ్చాడు. కింద జల్లించిన కుప్ప లేదు. గబగబా పైకెక్కాడు. మిద్దె అలికినట్టు నున్నగా ఉంది. చివర కదిరమ్మ చేతులు దులుపుకుంటోంది.

"మామ కడాపట జల్లించిన మన్ను సార్. పారేసేకి చేతులు రాలేదు. అంతా పైనే పరిచినాం. కూలి ఇయ్యొద్దులే."

ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. దివాకర్ ఆమె దిగిపోయేదాకా ఆగి, మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మన్ను గోకడం మొదలుపెట్టాడు. ఒకచోట తవ్వాడు, లేదు. ఇంకోచోట తవ్వాడు. మూడోచోట, వేలెడు లోతున, గంటు నిండా చవుడు కూరుకుపోయి నల్లరాయి తల బయటపడింది.