గడప దాటిన చెత్త

పెద్దకోడలు రోజూ పొద్దున్నే తన వాటా అద్దంలా ఊడ్చి, ఆ చెత్తంతా గడప దాటించి చిన్నకోడలి గదిలోకి నెట్టేది. నెట్టి, చీపురు గడపకేసి రెండుసార్లు కొట్టేది. దుమ్ము రాలడానికి కాదు, వినపడడానికి.

"చెత్తకుండీ వీధి చివర ఉందక్కా," అనేది చిన్నకోడలు, కుట్టుమిషను ఆపకుండా.

"అంత దూరం ఎందుకు, ఇంట్లోనే ఒకటుండగా!"

మొగుడు పోయాక చిన్నకోడలు జాకెట్లు కుట్టుకుని బతుకుతోంది. వేసవిలో ఇస్త్రీపెట్టె నుంచి నిప్పంటుకుని ఆ గది కాలింది. గచ్చు పేలింది, దూలం చీలింది. సిమెంటు కొట్టు నడిపే బావగారికి, అదే పెద్దకోడలి మొగుడికి, బస్తాలు పెట్టుకోవడానికి ఆ గది మీద ఎప్పట్నుంచో కన్ను. పెద్దమనుషుల్ని కూచోబెట్టి తీర్పు చెప్పించాడు: వానలు వెళ్ళేదాకా కప్పు నిలిస్తే గది ఆమెది, కూలితే ఆయనది. బాగుచేయించే స్తోమత ఆమెకు లేదని తెలిసే చెప్పారు మహానుభావులు.

తొలివానకి కాలిన గచ్చు మీద బూడిదరంగు పొక్కులు లేచాయి. వారం తిరిగేసరికి నాచు, ఆపై వారానికి గడ్డి. జాకెట్లు ఇవ్వడానికొచ్చినవాళ్ళు చెప్పులు విప్పి ఆ గడ్డిలోనే కూచుని, చంకల దగ్గర కాస్త వదులుగా కుట్టమని చెప్పి వెళ్ళారు.

బావగారు యాసిడ్ సీసాతో వచ్చాడు. "ఇల్లనుకున్నావా, అడవనుకున్నావా?" అంటూ గది నడుమంతా పోసి మాడ్చాడు. అక్కడ మళ్ళీ పొక్కుల దగ్గర్నుంచి మొదలైంది.

గడప పక్కన మాత్రం యాసిడ్ పైపైనే ఇంకిపోయింది. పెద్దకోడలు రోజూ నెట్టిన ఉల్లిపొట్టు, వెంట్రుకలు, దుమ్ము కుళ్ళి జానెడు నల్లమన్నయింది. అందులోంచి ముళ్ళపొద లేచి, రెండు వాటాల మధ్య గుమ్మాన్ని మూసేసింది. గుడ్డలు చిరుగుతున్నాయని చిన్నకోడలు కత్తెర తీసుకుని వెళ్ళింది. పొద నడుమ, ఏ చెయ్యీ దూరని చోట, లేత మొక్కొకటి కనబడింది. కత్తెర దించేసింది.

"ఉండు," అంది ముళ్ళతో. "నన్నూ ఎవరూ దగ్గరికి రానివ్వరు."

చివరి పెద్దవాన పట్టపగలే వచ్చింది. బావగారు గొడుగేసుకుని, పెద్దమనుషుల్ని వెంటేసుకుని వీధి గుమ్మంలో నిలబడ్డాడు. దూలం ఫెళ్ళుమంది. ముళ్ళ నడుమ మొక్క అప్పటికి నిలువెత్తు దాటిన చెట్టయింది; అది మెడ కాస్త వంచి, దూలాన్ని భుజానికెత్తుకుంది. కప్పు నిలిచింది.

"చెట్టు సాయం చెల్లదు!" అని అరిచాడు బావగారు.

"నీ యాసిడ్ చెల్లిందిగా," అన్నాడు పెద్దమనుషుల్లో ముసలాయన, తడిసిన కండువా పిండుకుంటూ.

చెట్టు నీడకి ముళ్ళపొద ఎండి రాలిపోయింది, గుమ్మం తెరుచుకుంది. ఆ పొద్దున పెద్దకోడలు చీపురుతో వచ్చి, కొమ్మల్ని చూసి ఆగిపోయింది.

"ఆగావేం అక్కా? నెట్టు. దానికింకా పెరిగే వయసే."

పెద్దకోడలు చెత్తంతా చేటలోకి ఎత్తి, వీధి చివరిదాకా తానే మోసుకెళ్ళింది.