పిల్లి చెవులు

ఆ ఆటను తయారు చేసింది అక్కే. తలా ఒక పాత్ర, దాని బలాబలాలు రాసిన అట్టముక్క, బల్ల మధ్యలో పాచికలు. కథ నడిపేది కూడా అక్కే. ఆమె భర్త వృత్తికి దర్జీ, ఆటలో మాత్రం కత్తివీరుడు. తమ్ముడి పాత్ర పిల్లి అనే దొంగ. పోట్లాటకు కొరగాడు కానీ, తాళాలు తీయడంలో, తలుపుకు చెవి ఆనించి అవతలేముందో పసిగట్టడంలో వాడికి వాడే సాటి.

ఫ్యాక్టరీ మంటల్లోంచి బయటపడ్డాక తమ్ముడు నోరు విప్పలేదు. డాక్టర్లు చేతులెత్తేశారు. ఈ బల్ల దగ్గర మాత్రం పిల్లి గొంతుతో, బొంగురుగా, కొంటెగా మాట్లాడేవాడు. పిల్లి చస్తే ఆ కాస్త మాటా పోతుందని అక్క భయం. పాచిక దొర్లినప్పుడల్లా గుండె చిక్కబట్టుకుని కూర్చునేది.

"నేను కత్తి దూస్తే చాలు, మీ తమ్ముడు నా వెనకాల నక్కుతాడు. అందరికీ సమానంగా ఉండొద్దూ?" అని దర్జీ ఒకటే సణుగుడు. కత్తి పదునైతే పిల్లి బతికిపోతాడని అక్కా ఆశపడింది. ఒకచోట పెంచితే ఇంకోచోట తగ్గించాలన్నది ఆమె పెట్టిన నియమమే. పిల్లి వినికిడిలో కోసి, కత్తివీరుడి కత్తిలో కలిపింది. మహా తెలివైన పని చేశాననుకుంది కూడా.

ఇప్పుడు ఎదురుగా రాతి తలుపు. పిల్లి ముందే విని తప్పుకుంటాడన్న ధీమాతో దాని వెనక మృగాన్ని ఎప్పుడో పెట్టేసింది. ఇప్పుడు మార్చడానికి లేదు. ఒకసారి ఆమె పాచిక విషయంలో అబద్ధమాడితే తమ్ముడు చాలా రోజులు బల్ల దగ్గరికే రాలేదు.

"చెవి పెట్టి వింటున్నా," అన్నాడు తమ్ముడు పిల్లి గొంతుతో. పాచిక తక్కువ పడింది. పాత వినికిడైతే అదే సరిపోయేది.

"ఏమీ... వినిపించట్లేదు," అంది అక్క. వద్దురా అని అరవాలనిపించింది.

తమ్ముడు ఆమెను ఓ క్షణం చూశాడు. "అయితే తలుపు తీస్తున్నా."

మృగం మీద పడింది. పెంచిన కత్తి బలం ఎందుకూ కొరగాలేదు. చివరి పాచిక ఆగేసరికి దర్జీ ముఖం పాలిపోయింది. "అయ్యో, బామ్మర్దీ," అన్నాడు.

చచ్చిన పాత్ర అట్టను ఆడినవాడే చింపాలి. తమ్ముడు చింపాడు. వీడి మాట ఇక వినబోననుకుంది అక్క. ఆ భయంలో ఏడుపు కూడా రాలేదు.

"తలుపు దగ్గరే నీ గొంతు మారిందక్కా."

అది పిల్లి గొంతు కాదు.

"నాకు తెలిసిపోయింది. పిల్లికే తెలీలేదు." తమ్ముడు కొత్త అట్టముక్క తీసి ఆమె వైపు జరిపాడు. "ఈసారి చెవులు తగ్గించకు."