భూతద్దం అల్లిన టోపీలు

మా అల్లుడిని ఫ్యాక్టరీలో అందరూ భూతద్దం అనేవారు. స్వెట్టర్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు తప్పులు వెతికే ఉద్యోగం చేశాడు. కుట్టు జారిన స్వెట్టర్ కనబడితే దానికి ఎర్ర దారం ముడివేసి పక్కన పడేసేవాడు. అతని కంటికి చీమ కుంటినా తెలుస్తుందని నేను అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఏ కాలో కూడా చెప్తాడని ఇంకో పిసరు కలిపేవాణ్ణి.

ఎనిమిది నెలల క్రితం ఆ కళ్ల పనికి ఒక కెమెరా వచ్చింది. అల్లుడు ఇంటికి వచ్చేశాడు, చొక్కా జేబులో ఎర్ర దారం ఉండతో సహా.

ఆ తర్వాత అతను ఎక్కని గడప లేదు. ఇంట్లో అమ్మాయి ఒక్కతే కుట్టుమిషన్ మీద రెక్కలు ముక్కలు చేసుకుంటోంది. ఒకనాడు తన పాత అల్లిక సూదులు అతని చేతిలో పెట్టి నేర్పింది. మూడు వారాల్లో గురువును మించిపోయాడు. వీధి చివర పిల్లల బట్టల కొట్టావిడ, శనివారానికి ఆరు పసిపిల్లల టోపీలు తెమ్మంది. బాగుంటే ఏడాది పొడుగునా తీసుకుంటానంది. ఇంటిల్లిపాది ప్రాణం ఆ ఆరు టోపీల మీదే పెట్టుకున్నాం.

బుధవారానికి అల్లినవి పదమూడు, మిగిలినవి సున్న. టోపీ పూర్తికాగానే కిటికీ దగ్గర వెలుగుకు పట్టి, వరుసవరుసా వేలితో తడిమేవాడు. వేలు ఎక్కడో ఒకచోట ఆగేది. అంతే, సర్రున లాగేసేవాడు. "మామయ్యా, చేతులు చాపండి" అనేవాడు. నేను గుంజలా కూర్చుంటే, విప్పిన ఊలు నా రెండు చేతులకూ చిలపలా చుట్టేవాడు.

అమ్మాయి ఉండబట్టలేక అడిగింది. "మూడో వరుస వదులైందని చంటిపిల్ల వచ్చి తగువు పెట్టుకుంటుందా అండీ?"

"పిల్లకు తెలీదు. నాకు తెలుసుగా" అన్నాడు.

గురువారం నుంచి నేను దొంగనయ్యాను. చివరి ముడి పడగానే కథ ఎత్తుకునేవాణ్ణి. మా తాత గొర్రెకు ఎంత ఊలంటే, కత్తిరించడం మొదలుపెట్టిన మూడో రోజుకుగాని గొర్రె బయటపడేది కాదనీ, ఒకసారి గొర్రెకంటే ముందు, ఏడాది క్రితం తప్పిపోయిన మా మేనత్త బయటపడిందనీ చెప్పాను. ఆవిడ అన్నాళ్లూ ఏం తిని బతికిందని అల్లుడు తలెత్తి అడిగేలోగా టోపీ నా దిండు గలేబులోకి పోయేది. ఏదని వెతికితే, అమ్మాయి బీరువాలో పెట్టి తాళం వేసిందనేవాణ్ణి. మేనత్త సంగతికి ఒకసారి నవ్వాడు కూడా. ఎనిమిది నెలల్లో అదే మొదలు.

శనివారం అమ్మాయి ఆరు టోపీలూ సంచిలో వేసి మూతి కుట్టేసింది. అల్లుడి వెంట నన్ను కాపలా పంపింది. కొట్టావిడ కుట్టు విప్పి, ఒక్కో టోపీ పిడికిలికి తొడిగి చూసి ముచ్చటపడింది. వచ్చేవారం పన్నెండు కావాలంది. అంతలో అల్లుడి కళ్లు టోపీల మీద పడ్డాయి. నేను గొర్రె కథ ఎత్తుకున్నాను. వినలేదు. ఒకటి తీసుకుని వెలుగుకు పట్టాడు.

"ఇందులో కుట్టు జారిందమ్మా. ఇది రెండో రకం."

జేబులోంచి ఎర్ర దారం తీసి ముడివేశాడు. తర్వాత రెండోదానికి. ఆరూ అయ్యేదాకా ఆగలేదు. ముడులు గట్టిగా పడ్డాయి.

"చేసినవాళ్లే బాగాలేవంటే నేనెలా అమ్మను బాబూ" అని ఆవిడ సంచి మెల్లగా ఇవతలికి తోసింది.

ఇంటికొచ్చాక అమ్మాయి ఎర్ర ముడులు చూసి, వెళ్లి మిషన్ ముందు కూర్చుంది. తొక్కలేదు.

అల్లుడు నా ఎదురుగా కూర్చుని చేతులు చాపమన్నాడు. చాపాను. మొదటి టోపీ విప్పి చుట్టసాగాడు. ఎన్నిసార్లు విప్పిన ఊలో అది, రెండు చోట్ల తెగింది. ముడివేసి మళ్లీ చుట్టాడు. ఏదైనా కథ చెప్పమన్నాడు. నోరు తెరిచాను. అప్పుడు కనబడింది, అతని చొక్కా పై గుండీకి ఎర్ర దారం. ఎప్పుడు కట్టుకున్నాడో. తెంపేద్దామని చేతులు కదిపాను. మణికట్ల దాకా ఊలు చుట్టి ఉంది.

"కదలకండి మామయ్యా" అన్నాడు.