ముగ్గురి నోటుబుక్కు

1969 జూలై 7, సోమవారం ఉదయం ఏడు గంటలకు లింగాల ఘనపూర్‌లో వెంకట్రాం రెడ్డి కూతురు మనోరమ పెద్దమనిషి అయింది. ఆమెకు పదమూడేళ్లు. అప్పుడు వసారాలో పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుని ఉంది. ముగ్గురి నోటుబుక్కు ఆమె ఒళ్లో ఉంది.

జనవరిలో తెలంగాణ సమ్మె మొదలై బడులు మూతపడ్డాక, జనగామలో పాఠాలు చెప్పే అరుంధతి టీచరు తన ఊరు మానుకోటకు వెళ్లిపోయింది. మార్చి దాకా చూసింది. బడి తెరిచే జాడ కనిపించకపోవడంతో ఒక లావుపాటి నోటుబుక్కు కొని, మొదటి పాఠం తానే రాసి, ఇళ్లలో కూర్చున్న ముగ్గురు పిల్లలకు తిప్పడం మొదలుపెట్టింది. ఒకరు బయ్యారం పక్క తండాలో ఉండే మాన్‌సింగ్ కూతురు రుక్కి. టీచరు అంతకుముందు బయ్యారంలో పనిచేసినప్పుడు ఆమె దగ్గర చదివింది. రెండో పిల్ల రాధ. జనగామ స్టేషన్‌లో టికెట్లిచ్చే గుమాస్తా కూతురు. మూడో పిల్ల మనోరమ.

అంగడికి పోయేవాళ్ల చేతిలో పుస్తకం మానుకోట నుంచి తండాకు పోయేది. రుక్కి తన పేజీ రాసి వెనక్కి పంపేది. టీచరు దాన్ని ప్యాసింజరు రైలు గార్డుకు ఇస్తే జనగామలో రాధ తండ్రి అందుకునేవాడు. రాధ రాశాక మనోరమ అన్న కొండల్ సైకిల్ మీద ఘనపూర్ తెచ్చేవాడు. మనోరమ రాశాక అదే దారిన మానుకోటకు. ఒక తిరుగుడు పూర్తయ్యేసరికి పది పన్నెండు రోజులు పట్టేది. ఒకరి లెక్కలు తర్వాతివాళ్లు దిద్దాలి. దిద్ది, తమవి చేయాలి.

పుస్తకం చివరి పేజీలు ముచ్చట్లకు వదిలారు. ఏ బండి ఎక్కడ ఆగిందో, పట్టాల మీద ఎవరు కూర్చున్నారో రాధ రాసేది. రుక్కి లంబాడీ మాటలు రాసి పక్కన తెలుగు అర్థం పెట్టేది. మనోరమ రుక్కిని ఎన్నడూ చూడలేదు. ఆమె ఏడు అంకెకు అడ్డగీత పెడుతుందని, లెక్క తప్పితే కొట్టేయకుండా పక్కన మళ్లీ చేస్తుందని మాత్రం తెలుసు. ఆ పక్కన చేసినదాన్ని చదవడం మనోరమకు ఇష్టం.

టీచరు పెట్టిన నియమం ఒక్కటే. తన పేజీ నింపకుండా ఎవరూ పుస్తకాన్ని ముందుకు పంపకూడదు. మే నెలలో రాధ ఇంటికి చుట్టాలు వచ్చారు. ఆమె తన పేజీ వదిలేసి పంపింది. టీచరు పుస్తకం తెరిచి, ఏమీ రాయకుండా రాధకే తిప్పి పంపింది. అందరికీ పన్నెండు రోజులు పోయాయి. రాధ పేజీ ఖాళీగా ఉందని టీచరు చూసేలా ముచ్చట్లలో ముందుగా రాసి పెట్టింది మనోరమ. ఆ తర్వాత రెండు తిరుగుళ్లు రాధ ఆమెకు ముచ్చట రాయలేదు.

ముందురోజు, ఆదివారం సాయంత్రం వచ్చిన పుస్తకంలో టీచరు చీటీ ఉంది. ఈసారి తొందరగా పంపాలని రాసింది. వరంగల్‌లో ఒక ట్రస్టు నడిపే బాలికల హాస్టల్లో తండా పిల్లలకు రెండు సీట్లు ఉన్నాయి. బడులు మూసి ఉన్నందున సర్టిఫికెట్లు అడగరు, ఇంట్లో చేసిన రాత పని చూస్తారు. ట్రస్టు కమిటీ మనిషి 16వ తేదీ బుధవారం పొద్దున మానుకోట బంగళాకు వస్తాడు. రుక్కి పలక మీద చేసుకుని, సరిపోయింది అనుకున్నాక పుస్తకంలోకి ఎక్కిస్తుంది కనుక ఆమె రాసిందంతా ఈ పుస్తకంలోనే ఉంది. సీటు రాకపోతే మాన్‌సింగ్ ఆమెను సాగర్ కాలువ కింద నాట్లకు తీసుకుపోతాడు. కూలీల ముఠా మేస్త్రిని పదహారు దాకా ఆగమని అడిగాడు.

సోమవారం పేజీ రాసి మంగళవారం కొండల్‌కు ఇవ్వాలని మనోరమ అనుకుంది.

ఏడున్నరకు నాయినమ్మ బుచ్చవ్వ ఆమెను వడ్లకొట్టులో మూలకు చాప వేసి కూర్చోబెట్టింది. పక్కన కొడవలి పెట్టింది. చాకలామెకు కబురు పోయింది. నువ్వులు దంచడం మొదలైంది. నోటుబుక్కు సంగతి వచ్చేసరికి బుచ్చవ్వ ఆగింది. ముట్టుడైన బట్టను ఉతకవచ్చు, గిన్నెను తోమవచ్చు, కాగితాన్ని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. చివరికి చాకలామె చేత దాన్ని అదే కొట్టులో గూట్లో పెట్టించింది. స్నానం రోజున పసుపు నీళ్లు చల్లి తీసుకుందామంది. అప్పటిదాకా పుస్తకం, పెన్సిలు ముట్టవద్దని, ముడితే చదువు రాదని చెప్పింది.

చదువు రాదన్న మాటను మనోరమ నమ్మింది. తనకు రాకపోవడం ఒకటి. ఆ పుస్తకంలో ముగ్గురి చదువు ఉంది.

గూడు చాపకు మూడడుగుల దూరం. లేచి నిలబడితే చేయి అందుతుంది.

స్నానం ఎప్పుడని తల్లి సుశీలను అడిగింది. తొమ్మిదో రోజని సుశీల చెప్పింది. మనోరమ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తొమ్మిదో రోజు పదిహేనో తేదీ. పొద్దున స్నానం చేసి పేజీ రాస్తే కొండల్ సాయంత్రం బండికి అందిస్తాడు. బుధవారం పొద్దునకు పుస్తకం మానుకోటలో ఉంటుంది. సరిపోతుంది.

గురువారం, పదో తేదీన, కొండల్ కొట్టు గడప అవతల నిలబడ్డాడు. అతనికి పంతొమ్మిదేళ్లు. హన్మకొండలో కాలేజీ మూతపడ్డాక వ్యవసాయం చూస్తున్నాడు.

"జనగామ పోతాన. పుస్తకం ఉన్నదా ఇచ్చేటిది?"

"నా పేజీ రాయలేదన్నా."

"రాయకుంటే ఏమైతది? గట్లనే ఇయ్యి. సంచి పరుస్త, కట్టెతోని అండ్ల నూకు. నేను ముట్ట."

"టీచరమ్మ ఊకోదు. మల్ల తిప్పి పంపుతది. రాధకు గట్లనే చేసింది."

"నీకు పెద్ద కలెక్టర్ నౌకరి ఇస్తరు గా పేజీకి."

"మంగళారం ఇస్త. అప్పటికి అయితది."

టీచరు చీటీ సంగతి ఆమె అన్నకు చెప్పలేదు. చెబితే గుంజుకుని పోతాడని తెలుసు. కొండల్ ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం బుచ్చవ్వ కొట్టు ముందు కూర్చుని ఎండుకొబ్బరి కుడుకలు తురుముతూ, తొమ్మిదో రోజు మంగళవారం పడిందని, మంగళవారం నీళ్లు పోయరని అంది. పంతులును అడగాలి, ఆయన పక్కూరు పోయాడు, వచ్చాక చూద్దామంది. పదకొండో రోజు గురువారం అయితే మంచిదే అంది. గురువారం పదిహేడో తేదీ.

మనోరమ అప్పుడు చీటీ సంగతి చెప్పింది. హాస్టలు, బుధవారం, సాగర్ కాలువ, అన్నీ చెప్పింది. తనను కొట్టులోనే ఉంచి పుస్తకాన్ని మాత్రం పంపేయమంది. బుచ్చవ్వ తురమడం ఆపకుండానే అడిగింది.

"ఎవరి పిల్ల అది?"

"మాన్‌సింగ్ బిడ్డ. బయ్యారం కాడ తండా."

"మన ముట్టు తీస్కపోయి వాళ్ల ఇండ్లల్ల పెడ్తమా బిడ్డా? వాళ్లకు దేవుడు లేడా? ఆ పిల్ల ఏదో మంచి పనికి పోవట్టె. గీ పుస్తకం పట్టుకుని పోతే అది అయ్యేది గూడ కాదు."

కోపంగా అనలేదు. సుశీలను అడిగితే అత్తమ్మను అడగమంది. వెంకట్రాం రెడ్డి ఆ వారం సమితి పని మీద హైదరాబాద్‌లో ఉన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు పంతులు వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, పంచాంగం చూసి గురువారం అన్నాడు. కొట్టులో ఉన్న మనోరమకు ఆ మాట వినబడింది. బుచ్చవ్వ ఆయనను సాగనంపడానికి వాకిట్లోకి పోయింది. మనోరమ లేచి గూట్లోంచి పుస్తకం తీసింది. పెన్సిలు కూడా తీసింది. కిటికీ దగ్గరికి పోయి, పెరట్లో ఎడ్లకు కుడితి పెడుతున్న కొండల్‌ను పిలిచి, చీటీ చదివి వినిపించింది.

కొండల్ చేతులు కడుక్కుని కిటికీ కిందికి వచ్చాడు.

"గిది గురువారం చెప్తే ఏమాయె? తే, ఇటు తే. ఆరుకు పది నిమిషాలుందనంగ బండి."

"ఒక్క జర ఆగన్నా. నా పేజీ చేసి ఇస్త."

"నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ముట్టనే ముట్టిన. ఇగ రాస్తే ఏంది? ఖాళీ పేజీ చూసి టీచరమ్మ మల్ల తిప్పి పంపితే?"

టైము ఉందని అతనూ అనుకున్నాడు. సైకిల్‌కు గాలి కొట్టడానికి పోయాడు. మనోరమ చాప మీద కూర్చుని ముందు రాధ లెక్కలు దిద్దింది. అవి కాలం-పని లెక్కలు, ఏడు. తర్వాత తనవి మొదలుపెట్టింది. ఐదో లెక్క రెండుసార్లు తప్పింది. మూడోసారి వచ్చింది. బుచ్చవ్వ వచ్చి గడపలో నిలబడి చూసింది. మనోరమ తలెత్తలేదు.

"ముట్టినవా?" అంది బుచ్చవ్వ.

"ముట్టిన."

బుచ్చవ్వ లోపలికి పోయి చెంబుతో పసుపు నీళ్లు తెచ్చింది. పిల్ల రాయడం అయ్యేదాకా గడపలో కూర్చుంది. అయ్యాక అట్ట మీద నాలుగు చుక్కలు చల్లి, కొండల్ సంచిలో వేయించింది. అప్పటికి నాలుగూ నలభై అయింది. ముందురోజు కురిసిన వానకు జనగామ బాట బురదగా ఉంది. ఎక్కువ దూరం సైకిల్‌ను నడిపించాల్సి వచ్చింది. కొండల్ స్టేషన్‌కు చేరేసరికి ఆరూ పది. బండి సరైన వేళకే వెళ్లిందని రాధ తండ్రి చెప్పాడు.

బుధవారం పొద్దున బండికి కొండల్ తానే ఎక్కాడు. కాజీపేటలో మారి, మానుకోటకు ఉన్న మహబూబాబాద్ స్టేషన్‌లో దిగేసరికి ఒంటిగంట దాటింది. బంగళాకు నడిచాడు. కమిటీ మనిషి జీపు పన్నెండుకే వెళ్లిపోయింది. వరండాలో అరుంధతి టీచరు, మాన్‌సింగ్, ఒడిలో పలక పెట్టుకుని ఒక పిల్ల కూర్చుని ఉన్నారు.

అక్కడ జరిగింది కొండల్ రాత్రికి ఇంటికి వచ్చి కొట్టు గడప దగ్గర కూర్చుని మనోరమకు చెప్పాడు. పుస్తకం దారిలో ఉందని టీచరు పది నుంచి పన్నెండు దాకా చెబుతూనే ఉంది. కమిటీ మనిషి రుక్కికి రెండు లెక్కలు ఇచ్చాడు. ఆమె పలక మీద రెండూ చేసింది. ఆయన చూసి సరిగానే ఉన్నాయన్నాడు. కమిటీకి కాగితం చూపాలి, ఈ పలకను వరంగల్ ఎట్ల తీసుకుపోను బిడ్డా అన్నాడు. ఇంకో తండా నుంచి నోటుబుక్కులు తెచ్చిన పిల్లకు ఒక సీటు ఇచ్చి, రెండోది ఖాళీగా రాసుకుని వెళ్లాడు. టీచరు పుస్తకం తీసుకుని గురువారం తానే వరంగల్ పోతానంది.

"రుక్కి ఏమన్నది?" అని మనోరమ అడిగింది.

"నీకు ఒంట్ల బాగలేదా అని అడిగింది."

"ఏం చెప్పినవ్?"

"బాగనే ఉన్నదన్న."

గురువారం పొద్దున మనోరమకు స్నానం చేయించారు. ఇంటికి నలభై మంది వచ్చారు. ఆమె పీట మీద కూర్చుంది. పెట్టింది తిన్నది.

శనివారం సాయంత్రం రాధ తండ్రి ద్వారా టీచరు కబురు వచ్చింది. కమిటీ పుస్తకం చూసింది. రుక్కి పేజీలు మొదటి నుంచి చివరి దాకా చూసి, రెండో సీటు ఆమెకు ఇచ్చింది. పిల్ల సోమవారం సాయంత్రంలోగా హాస్టల్లో చేరాలి. బడి తెరిపించే మీటింగులకు పిలిచినందున టీచరు వరంగల్ నుంచి కదలలేకపోయింది. మాన్‌సింగ్‌కు కార్డు వేసింది. కార్డు అందుతుందో లేదో, ఎవరైనా పోయి చెబితే మంచిదని రాసింది.

ఆదివారం తెల్లవారుజామున కొండల్‌ను మనోరమ లేపింది. బుచ్చవ్వ సద్ది కట్టి ఇచ్చింది.

అతను మధ్యాహ్నం బయ్యారం దగ్గరి గుండ్రాతిమడుగు స్టేషన్‌లో దిగి తండాకు నడిచాడు. మాన్‌సింగ్ గుడిసె తలుపుకు కంప అడ్డం పెట్టి ఉంది. పక్క గుడిసెలోని చాంద్యా అనే ముసలాయన బయటికి వచ్చాడు. మాన్‌సింగ్, అతని భార్య, కొడుకు చత్రు, బిడ్డ రుక్కి నాట్లకు పోయారని చెప్పాడు. మేస్త్రి బుధవారం దాకా ఆగాడని, ఇంక ఆగనన్నాడని చెప్పాడు. ఏ ఊరికి అని కొండల్ అడిగాడు.

"కాల్వ కిందికి. ఊరు మేస్త్రికి ఎరుక."

మేస్త్రి కూడా వాళ్లతోనే పోయాడు. కార్డు ఇంకా రాలేదు.

కొండల్ తిరిగి స్టేషన్‌కు వచ్చి టికెట్లిచ్చే అతన్ని అడిగాడు. జూలై 17 గురువారం పొద్దున ప్యాసింజరుకు తండావాళ్ల ముఠా ఒకటి ఖమ్మందాకా పద్నాలుగు టికెట్లు తీసుకుంది. వాటిలో రెండు అర టికెట్లు. ఖమ్మంలో దిగి ఎటు పోయారో స్టేషన్‌లో ఎవరికీ తెలియదు.