నూర్‌బీ కుట్టిన తొడుగు

పెంచలకృష్ణ ముత్తుకూరులో పన్నెండేళ్లుగా లాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాడు. అతని చెయ్యి పడితే ఎంతటి మొండి రోగమైనా వదలాల్సిందేనని ఊళ్లో పేరు. ఆ పేరు కాస్తా సాహిరా లాప్‌టాప్ దగ్గర గంగలో కలిసేలా ఉంది.

సాహిరాకు పుట్టుకతోనే చూపు లేదు. తెరమీద ఏముందో లాప్‌టాపే చదివి వినిపిస్తుంది. వారం నుంచి ఆ గొంతుకు నత్తి పట్టుకుంది. ఒక్కో మాటను మూడుసార్లు పట్టి పట్టి పలికి, తర్వాతి మాటను మింగేస్తోంది. మర్నాడు పదింటికి ఆమె ఇంటినుంచే ఉద్యోగ పరీక్ష రాయాలి. రెండు గంటలపాటు ఆ గొంతు తడబడకుండా ఉంటేనే ఉద్యోగం.

రెండుసార్లు కొట్టుకు పంపితే రెండుసార్లూ అక్కడ గడగడా చదివింది. పెంచలకృష్ణ సౌండు డ్రైవరు మార్చాడు, అక్కర్లేని ప్రోగ్రాములు తీసేశాడు. ఇల్లు చేరగానే కథ మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారి ఫోను వచ్చేసరికి సిగ్గుపడి తానే సంచీ తగిలించుకుని బయల్దేరాడు.

సాహిరా వాళ్లమ్మ నూర్‌బీ బొంతలు కుడుతుంది. పాత లాప్‌టాప్‌ను ఉప్పుగాలి తినేసిందని, కొత్తదానికి ఈమధ్యే దూది పెట్టి, రంగురంగుల ముక్కలతో తొడుగు కుట్టింది. తెర, మీటలు తప్ప వేలెడు చోటు కూడా వదల్లేదు. ఎంత ముచ్చటగా ఉందోనని పెంచలకృష్ణ మెచ్చుకున్నాడు కూడా.

సాహిరా లాప్‌టాప్ తెరిచింది. గొంతు ఎంత వేగంగా పరిగెత్తిందంటే, ఇదేనా రోగమని పెంచలకృష్ణ అడిగాడు.

"ఇది బాగానే ఉండాదన్నా. నేను వినేదే ఇంత వేగంగా," అంది.

అతనికి ఒక్క ముక్క అందలేదు. ఆమె మాత్రం వింటూనే నమూనా పరీక్షకు జవాబులు కొట్టుకుపోతోంది. అతను సెట్టింగుల మీదకు చెయ్యి చాపబోతే, కాసేపు దేన్నీ ముట్టుకోవద్దంది. తల్లిని కుట్టుమిషను ఆపమంది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి ఆమె వేలెత్తింది.

"లాప్‌టాప్ లోపల ఫ్యాను జోరు పెరిగిందన్నా. ఇంక నత్తి మొదలవతాది."

పెంచలకృష్ణకు ఏ ఫ్యానూ వినపడలేదు. అతను టీ గ్లాసు కింద పెట్టేలోపే గొంతు తడబడింది. సాహిరా తొడుగు మీద అరచెయ్యి ఆనించి చూసి, కొట్టుకు పంపేటప్పుడు దీన్ని తీసేదానివా అని తల్లిని అడిగింది. అక్కడ ఎవరి జిడ్డు చేతులు పడతాయోనని తీసి, మడిచి, బీరువాలో పెట్టేదాన్నని నూర్‌బీ చెప్పింది.

పెంచలకృష్ణ తల పట్టుకున్నాడు. వేడి బయటికి పోయే దారి లేక లాప్‌టాప్ నెమ్మదిస్తోంది, గొంతు దాన్ని అందుకోలేక తడబడుతోంది. కళ్లుండీ తను చేసింది ఆ తొడుగును మెచ్చుకోవడం. అది విప్పేసిన కాసేపటికే గొంతు చక్కబడింది.

నూర్‌బీ మొహం వాడిపోయింది. "నా చేత్తోనే నా బిడ్డ గొంతు నొక్కినానా నాయనా," అంది.

సాహిరా తొడుగును పక్కన పారెయ్యలేదు. మళ్లీ తొడిగి, వేడిగాలి తగిలేచోట పక్కన, గాలి పీల్చేచోట అడుగున వేలితో గీత గీసింది.

"ఈడొకటి, ఈడొకటి కత్తిరించుమా. ఉప్పుగాలి నుంచి కాపాడేది ఇదే కదా."

నూర్‌బీ కళ్లు తుడుచుకుని కత్తెర తీసింది. కత్తిరించినచోట దారాలు ఊడకుండా, చొక్కాకు కాజా కుట్టినట్టు అంచు కట్టింది. ఆ తర్వాత గొంతు రెండు గంటలు ఏకబిగిన చదివింది. పెంచలకృష్ణ కదలకుండా కూర్చుని విన్నాడు. ఇలాంటి పనితనం తన పన్నెండేళ్లలో చూడలేదని పైకే చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం సాహిరా ఫోను చేసింది. పరీక్ష మొత్తంలో ఒక్క మాట దగ్గర కూడా గొంతు తడబడలేదంది.

పెంచలకృష్ణ ఒక అట్టముక్క తీసుకుని, 'మీ లాప్‌టాప్ ఇంట్లో ఎలా ఉంటుందో అలాగే తీసుకురండి' అని రాశాడు. కింద తన పేరు రాయబోయి ఆగాడు. సాహిరా పేరు రాసి కొట్టు ముందు వేలాడదీశాడు.